చుట్ట కాల్చినంత సేపు

నా ఒక్క వాక్యం నూట ఇరవై మంది ప్రాణాలు కాపాడింది. తిరుగుతున్న అచ్చుయంత్రానికి చెయ్యి అడ్డం పెట్టి ఆపిన మనిషిని నేను. కావాలంటే కుడిచేతి చూపుడువేలు మీద మచ్చ చూడండి. ముప్పై ఏళ్లు ఇంగ్లీషు పుస్తకాలను తెలుగులోకి దించాను. నా చేతి మీదుగా ఒక్క తప్పు కూడా బయటికి పోలేదు.

ఈ మాటలు నేను పెళ్లిళ్లలో చెప్పాను, రైల్లో చెప్పాను, పళ్ల డాక్టరు కుర్చీలో నోరు తెరుచుకుని కూర్చుని కూడా చెప్పబోయాను. ఇప్పుడు ఈ పనిలోకి కొత్తగా దిగుతున్న నలుగురు పిల్లలు "మీ అనుభవం రాసి పెట్టండి, తాతగారూ" అని అడిగారు. రాయడంలో ఒక ఇబ్బంది ఉంది. నోటితో చెప్పింది గాలికి పోతుంది. రాసిందాన్ని ఎవరో ఒకరు పెన్సిలు పట్టుకుని చదువుతారు. అందుకని ఒక లెక్క ముందే తగ్గించుకుంటాను. నూట ఇరవై మంది అన్నది ఒక అభ్రకం గనిలో పనిచేసేవాళ్లందరి సంఖ్య, రేకులు విప్పే ఆడవాళ్లతో సహా. మందు పెట్టి రాయి పేల్చేవాళ్లు ఎనిమిది మందే. మిగతా తగ్గింపులు సందర్భం వచ్చినప్పుడు చేస్తాను. అన్నీ ఒకేసారి తగ్గిస్తే మీరు చదవడం మానేస్తారు.

నిమ్మకాయల పైన ఆఫీసు

అరవైల మొదట్లో మా ఆఫీసు గూడూరు స్టేషనుకు దగ్గర్లో, నిమ్మకాయల గోడౌను మీద మేడగది. కింద తూకాల కేకలు. పైన మేము ముగ్గురం, ఒక టైపు మిషను. ఏ శాఖకు, ఏ కంపెనీకి ఇంగ్లీషు పుస్తకం తెలుగులో కావాల్సి వచ్చినా మా మెట్లెక్కేవారు. పంపుసెట్ల మరమ్మతు, బాలింతల సంరక్షణ, ఎరువుల వాడకం, ఇట్లాంటివి. కథలూ కావ్యాలూ మా దగ్గరికి రాలేదు. వచ్చి ఉంటే అద్భుతంగా చేసేవాణ్ణి. ఎవరూ పరీక్షించలేదు కాబట్టి ఈ మాట ధైర్యంగా చెబుతున్నాను.

ఆఫీసు నడిపింది గ్రేసమ్మ గారు. మిషన్ ఆడపిల్లల బడిలో హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరైన మనిషి. తెల్లచీర, మణికట్టుకు లోపలివైపు తిప్పి కట్టుకున్న గడియారం, ఒక కొస ఎరుపూ ఒక కొస నీలమూ ఉండే పెన్సిలు. ఎరుపు గీస్తే తప్పు, నీలం గీస్తే అనుమానం. నాకు ఎరుపంటే భయం లేదు, దిద్దేస్తే పోతుంది. నీలం గీత పడితే ఆవిడ ఎదురుగా కూర్చుని జవాబు చెప్పాలి.

తర్వాత నేను చాలామంది పై అధికారుల దగ్గర పనిచేశాను. అరిచే అధికారి దగ్గర తప్పు దాచుకోవడం తేలిక. ఆయన అరుపు అయిపోయేదాకా తల వంచుకుంటే చాలు. గ్రేసమ్మ గారు అరిచేవారు కాదు. అడిగి, జవాబు వచ్చేదాకా మన ముఖం చూస్తూ కూర్చునేవారు. ఆ చూపు కింద నేను చేయని తప్పులు కూడా ఒప్పుకున్న రోజులున్నాయి.

పని సాగిన తీరు

మాకు పుస్తకం రాగానే రాయడం మొదలుపెట్టేవాళ్లం కాదు. ముందు దాన్నంతా చదివి, అందులోని పనిముట్ల పేర్లు, సరుకుల పేర్లు ఏరి, ఒక్కోదానికి ఒక్కో తెలుగు మాట ఖాయం చేసి, పెద్ద కాగితం మీద రాసి గోడకు అంటించేవాళ్లం. మూడో పేజీలో వత్తి అంటే ముప్పయ్యో పేజీలోనూ వత్తే. నాకు ఇది నచ్చేది కాదు. ఒకే మాట పదిసార్లు రాస్తే నా తెలుగు పేదదని జనం అనుకుంటారని బెంగ. ఎరువుల పుస్తకంలో గోడమీది కాగితాన్ని పక్కన పెట్టి, ఒకే ఎరువును మూడు చోట్ల మూడు పేర్లతో సొగసుగా రాశాను. ఆ పుస్తకం అచ్చయి పోయింది. దొరవారిసత్రం నుంచి ఒక రైతు వచ్చి, "అయ్యా, రెండు రకాలు దొరికినాయి, ఆ మూడోది యాడ అమ్ముతారు?" అని అడిగాడు. ఒక్క తప్పూ బయటికి పోలేదన్నాను కదా. అది ఇక్కడ తగ్గించుకుంటున్నాను.

మాటల పట్టిక తర్వాత నేను మొదటి ప్రతి రాసేవాణ్ణి. గ్రేసమ్మ గారు దిద్దేవారు. ఆ తర్వాత జంట చదువు. ఆవిడ ఇంగ్లీషు వాక్యం పైకి చదివితే నేను తెలుగులో ఆ వాక్యం మీద వేలు పెట్టాలి. అంకె వస్తే రెండుసార్లు చదివేవారు. ఒక వరస ఎగిరిపోయిందా, ఒక సున్నా తప్పిపోయిందా అన్నది అక్కడ తేలిపోయేది.

దాని తర్వాతది మా ఆఫీసులో అన్నిటికంటే గొప్పగా చెప్పుకునే మెట్టు, తిరుగు రాత. అసలు ఇంగ్లీషు పుస్తకం చూడని మనిషికి మా తెలుగు ఇచ్చి, దాన్ని మళ్లీ ఇంగ్లీషులో రాయమనేవాళ్లం. అసలుదీ తిరిగి వచ్చిందీ పక్కపక్కన పెట్టి చూస్తే మా తెలుగు ఏం చెబుతోందో బయటపడుతుంది. ఈ పని ఖాదర్ బాషాది.

ఖాదర్ నా వయసువాడే. వాళ్ల నాన్నది బజారులో చుట్టల అంగడి. ఖాదర్ ఒక అభ్రకం వ్యాపారి దగ్గర విదేశాలకు ఇంగ్లీషు ఉత్తరాలు రాసే గుమస్తాగా చేసి మా దగ్గరికి వచ్చాడు. ఎవరి మనసూ నొప్పించలేని మనిషి. టీ తెచ్చినవాడు పొరపాటున అతని కాలి మీద ఒలకబోస్తే, "నీ చెయ్యి కాల్లేదు గదా, నాయనా?" అని అడిగాడు. అప్పుడు మాకది మంచి గుణంగా కనిపించింది. మంచి గుణమే. కానీ తనిఖీ చేసే మనిషికి ఆ గుణం ఎక్కువైతే ఏమవుతుందో మేము ఆలోచించలేదు.

తిరుగు రాతకు గ్రేసమ్మ గారు పెట్టిన నియమం ఒకటే. రెండు ప్రతులూ పోల్చి చూడటం పూర్తయ్యేదాకా తెలుగు చేసినవాడూ తిరిగి రాసేవాడూ ఆ పుస్తకం గురించి ఒక్క మాట అనుకోకూడదు. అనుకుంటే ఆ ప్రతి చెల్లదు, అనుకున్న మనిషి ఈ గదిలో కూర్చోడు.

గని పుస్తకం

గూడూరుకు పడమరగా ఉన్న ఒక అభ్రకం గని మేనేజరు ఒక రోజు చిన్న ఇంగ్లీషు పుస్తకం పట్టుకుని వచ్చాడు. రాయిలో తొలిచిన రంధ్రంలో మందు తూటా పెట్టి పేల్చేవాళ్లు పాటించాల్సిన జాగ్రత్తలు అందులో ఉన్నాయి. గనుల ఇన్‌స్పెక్టరు వచ్చే లోపల తెలుగులో ఉండి తీరాలన్నాడు.

"నెల రోజుల్లో కావాల, అమ్మా. ఎట్లా ఉన్నా ఫరవాలేదు. ఆయన చూడాలంతే."

"చూసేది ఆయన. వాడేది వాళ్లు" అన్నారు గ్రేసమ్మ గారు. "ఎట్లా ఉన్నా ఫరవాలేదనే పని మేము పట్టం. నెలలో ఇస్తాం. కానీ అచ్చుకు ముందు గనికొచ్చి మీ మనుషులకు చదివి వినిపిస్తాం."

"వాళ్లకేం తెలుస్తాదమ్మా! సంతకం రానోళ్లు."

"తెలుస్తుందో లేదో తెలుసుకోవడానికే వస్తామంటుండా."

ఆ పుస్తకంలో అన్నిటికంటే ముఖ్యమైన వాక్యం ఒకటే. వత్తి ముట్టించాక తూటా పేలకపోతే అర్ధగంట దాకా ఎవరూ ఆ చోటికి పోకూడదు. పేలలేదనుకున్న తూటా లోపల నెమ్మదిగా రాజుకుంటూ ఉండవచ్చు. మనిషి వంగి చూసేటప్పుడు పేలుతుంది. చేతులూ కళ్లూ పోయినవాళ్లు ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఉన్నారు. పుస్తకంలో మిగతాదంతా తప్పుగా ఉన్నా, ఈ ఒక్క వాక్యం సరిగా వాళ్ల చెవిలో పడితే చాలు.

నేను దీన్ని చాలా తెలివిగా చేశాను. గనిలో కూలీలకు గడియారం ఎక్కడిది? అర్ధగంట అని రాస్తే వాళ్లకు ఏం తెలుస్తుంది? మాది ముత్తుకూరు వైపు సముద్రం ఒడ్డు పల్లె. మా తాత వల పక్కన చతికిలబడి చుట్ట ముట్టిస్తే అది అయ్యేసరికి సరిగ్గా అర్ధగంట. ఆయన చుట్టతో మా ఇంట్లో పొద్దు లెక్కపెట్టేవాళ్లు. అందుకని "తూటా పేలకపోతే ఒక చుట్ట కాల్చినంత సేపు ఆగి పోవాలి" అని రాశాను. రాసి, కుర్చీలో వెనక్కి వాలి, ఆ వాక్యాన్ని నాలుగుసార్లు చదువుకున్నాను. పుస్తకాల తెలుగు వదిలి జనం తెలుగు రాశానని ఛాతీ ఉబ్బింది.

జంట చదువులో గ్రేసమ్మ గారు అక్కడ ఆగారు. నీలం గీత పడింది.

"ఇదేంది, సుబ్బరామయ్యా?"

"అర్ధగంటేనమ్మా. వాళ్ల భాషలో."

"ఎవురు చెప్పినారు చుట్ట అర్ధగంటని?"

"మా తాత."

"మీ తాత గనిలో పనిచేసినాడా?"

"సముద్రంలో చేసినాడు. చుట్ట ఏడైనా చుట్టే గదమ్మా."

పొగాకు వాసనే పడని ఇంట్లో పుట్టి పెరిగిన మనిషి ఆవిడ. చుట్ట ఎంతసేపు కాలుతుందో ఆవిడకు తెలియదు. తెలియని విషయంలో పట్టుబట్టడం ఆవిడకు అలవాటు లేదు. కాసేపు నా ముఖం చూసి, "సరే, తిరుగు రాత తేల్చనీ. అసలు చూడని ఖాదర్ దాన్ని అర్ధగంట అని రాస్తే ఉంచుదాం. లేకపోతే తీసేద్దాం" అన్నారు.

అంటే నా వాక్యం బతుకు ఖాదర్ చేతిలో పడింది.

ఆ మర్నాడు టీ అంగడి దగ్గర ఖాదర్ గ్లాసు చేతిలో పట్టుకుని, "సుబ్బరామయ్యా, చుట్ట సేపంటే ఎంత?" అని అడిగాడు. నేను నియమం మరిచిపోయి "అర్ధగంట" అన్నాను. అంతే. గ్లాసు కింద పెట్టేలోపల అయిపోయిన మాట.

తిరుగు రాతలో అర్ధగంట అని వచ్చింది. గ్రేసమ్మ గారు రెండు ప్రతులూ పక్కపక్కన పెట్టి, నీలం గీతను రబ్బరుతో చెరిపేశారు. పుస్తకం ప్రెస్సుకు పోయింది, అక్షరాలు కూర్చడం మొదలైంది. కాగితం మీద మా పని అంత శుభ్రంగా ఇంకెప్పుడూ లేదు.

పెంచలయ్య

మేనేజరు జీపు పంపించాడు. గ్రేసమ్మ గారూ నేనూ పొద్దున్నే బయల్దేరాం. గని దగ్గర నేలంతా అభ్రకం పొడి, అడుగు వేస్తే మెరుస్తుంది. మందు పెట్టే ఎనిమిది మందినీ రేకుల షెడ్డు నీడలో కూర్చోబెట్టారు. వాళ్ల పెద్ద పెంచలయ్య. యాభై ఏళ్లుంటాయి, ఎడమచేతికి రెండు వేళ్లు లేవు, కుడి చెవి మీద ఆరిపోయిన చుట్టముక్క.

నేను చదివాను. గొప్పగా చదివాను, ఇది తగ్గించను. వాళ్లు ఒక్క మాట మాట్లాడకుండా విన్నారు. ముగించాక పెంచలయ్య చేతులు జోడించి, "శానా బాగుండాది, సామీ. దేవుడు చెప్పినట్టుండాది" అన్నాడు. మిగతావాళ్లు తలలూపారు. నేను పుస్తకం మూసి, ఇక భోజనం సంగతి చూద్దామని మేనేజరు వైపు తిరిగాను.

"కూర్చో" అన్నారు గ్రేసమ్మ గారు. తర్వాత పెంచలయ్య వైపు తిరిగి, "పెంచలయ్యా, అర్థమైందా అని నేను నిన్ను అడగను. ఎవుర్నడిగినా అయిందనే అంటారు. అదుగో ఆ రాతిలో తూటా పెట్టినావు, వత్తి ముట్టించినావు, అది పేలలేదు. ఈ సామి చదివిన ప్రకారం ఏం చేస్తావో చేసి చూపించు" అన్నారు.

పెంచలయ్య లేచాడు. ఖాళీ రంధ్రం దగ్గర ఉత్తుత్తి వత్తి ముట్టించి, పరుగెత్తి పెద్ద బండ చాటుకు పోయి కూర్చున్నాడు. చెవిమీది చుట్టముక్క తీశాడు, అగ్గిపుల్ల గీశాడు, ఒకటి, రెండు, మూడు, నాలుగు దమ్ములు లాగాడు. చుట్టను బండకు రుద్ది ఆర్పి, మళ్లీ చెవిమీద పెట్టుకున్నాడు. లేచి, దులుపుకుని, నేరుగా రంధ్రం దగ్గరికి నడిచి, వంగి, లోపలికి తొంగి చూశాడు.

గ్రేసమ్మ గారు గడియారం చూసుకుంటున్నారు. నాలుగు నిమిషాలు కూడా కాలేదు.

"అయిపోయిందా చుట్ట?" అని అడిగారు.

"ఇప్పటికి అయిందమ్మా. మిగతాది మద్దేనానికి."

"ఒక చుట్ట అని చదివినాడు గదా?"

"ఎవురన్నా చుట్టంతా ఒక్కతూరి తాగుతారా, అమ్మా? దగ్గొచ్చి సస్తాం." అందరూ నవ్వారు. పెంచలయ్య నవ్వలేదు. తల గోక్కుంటూ నా వైపు చూశాడు. "ఇంకొకటి అడుగుతా, ఏమనుకోబాక సామీ. మందు దగ్గిర నిప్పు ముట్టించొద్దని ముందర చదివితివి. ఎనకాల చుట్ట తాగమంటివి. ఏది ఇనేది?"

మా తాత చుట్ట ఆయనతోనే పోయిందని ఆ క్షణంలో అర్థమైంది. ఆయన పని ముగించుకుని తీరిగ్గా ఇసుకలో కూర్చుని కాల్చినవాడు. వీళ్లు పని మధ్యలో నాలుగు దమ్ములు లాగి దాచుకునేవాళ్లు. నేను జనం భాష రాశాననుకున్నాను. మా ఇంటి భాష రాశాను. మా తనిఖీ మెట్లన్నీ దాటి వచ్చిన వాక్యం అది. మేము గనికి రాకపోయి ఉంటే, ఎప్పుడో ఒక రోజు ఆ మనిషి నాలుగు దమ్ములు లాగి, నా మాట నమ్మి, వంగి చూసేవాడు.

గ్రేసమ్మ గారు నన్ను ఏమీ అనలేదు. "ఖాదర్ దీన్ని అర్ధగంట అని ఎట్లా రాసినాడు?" అని మాత్రం, నన్ను కాదు, తనను తానే ప్రశ్నించుకున్నట్టు అన్నారు.

గంట

అప్పుడు అసలు చిక్కు వచ్చింది. అర్ధగంట అని రాస్తే వాళ్లకు తెలియదు, చుట్ట అని రాస్తే చస్తారు. మరి ఏమని రాయాలి? నేను రెండు మూడు సొగసైన దారులు చెప్పాను. గ్రేసమ్మ గారు వినలేదు. పెంచలయ్యను అడిగారు.

"నువ్వైతే ఎట్ల చెప్తావు?"

"టైము చూసేవోళ్లు పైన ఉండారు గదమ్మా, ఆఫీసులో గోడ గడియారం ఉండాది. పేల్లేదని మేం కేకేస్తాం. వాళ్లు చూసుకుని టైమైనాక ఏందన్నా కొడితే మేం పోతాం. మాకు చెవులుండాయి."

మేనేజరు ముఖం చిట్లించాడు. "అమ్మా, నేను పుస్తకాన్ని తెలుగు చెయ్యమన్నా. గనిని మార్చమనలా."

"ఎవరో ఒకరు గడియారం చూస్తారనుకుని రాసిన పుస్తకమిది. మీ గనిలో ఆ మనిషి లేకపోతే ఇందులో ఉన్నది అబద్ధమైపోతుంది. అబద్ధాన్ని నేను తెలుగులోకి దించను. ఇన్‌స్పెక్టరు గారికి కూడా అదే చెప్తా."

మేనేజరు చెడ్డవాడు కాదు, తొందరలో ఉన్నవాడు. ఆ సాయంత్రానికి పాత రైలుపట్టా ముక్క ఒకటి ఆఫీసు గుమ్మం ముందు వేలాడదీయించి, సుత్తితో కొట్టించి చూశాడు. గని అడుగుదాకా వినిపించింది. పుస్తకంలో వాక్యం ఇలా మారింది: "తూటా పేలకపోతే కేక వెయ్యి. గంట వినిపించేదాకా ఆ చోటికి పోవద్దు." పెంచలయ్య నోటిమాటను నేను కాగితం మీద పెట్టాను. నూట ఇరవై మందిని కాపాడిన నా వాక్యం అదే. చేతిరాత మాత్రం నాది.

ప్రెస్సు సంగతి కూడా చెప్పేస్తాను. మేము తిరిగి వచ్చేసరికి యంత్రం తిరగడం లేదు. అక్షరాలు కూర్చి ఉన్నాయి, యంత్రం తొక్కే మనిషి అన్నానికి పోయాడు. వేలిమీద మచ్చ నిమ్మకాయ కోసుకుంటుంటే తెగింది.

అయితే ఒక్క పని మాత్రం నేను మగవాడిలా చేశాను. తిరిగి వచ్చేటప్పుడు జీపులోనే గ్రేసమ్మ గారికి, "అమ్మా, ఖాదర్ తప్పు లేదు. అతను అడిగితే నేనే చెప్పాను" అని ఒప్పుకున్నాను. నియమం ప్రకారం ఇద్దరం పోవాల్సింది. నేను నిజం చెప్పడం వల్ల ఆవిడ ఖాదర్‌ను ఉంచారు, నన్నూ ఉంచారు. అతని బల్ల మాత్రం కింద గోడౌను వెనక గదిలోకి మారింది. అతనికి టీ కూడా వేరే అంగడి నుంచి తెప్పించారు.

కొన్ని నెలల తర్వాత ఒక పొద్దున మా మెట్ల మీద అభ్రకం పొడి మెరిసే పాదాలు. పెంచలయ్య. తువ్వాలులో మూట కట్టుకుని అరచెయ్యంత వెడల్పున్న అభ్రకం పలక ఒకటి, అవతలి మనిషి కనిపించేంత తేటగా ఉన్నది తెచ్చి గ్రేసమ్మ గారి బల్ల మీద పెట్టాడు.

"నిన్న ఒకటి పేల్లేదమ్మా. నేను, మా తమ్ముడి కొడుకు ఉండాం. కేకేసినాం, కూసున్నాం. వాడు పోదాం పోదాం అంటాడు. గంట కొట్టలేదు గదరా అంటా నేను. అట్లనే అంటా ఉండగా పేలిందమ్మా. గంట ఆ తర్వాత కొట్టినారు."

కింద నిమ్మకాయలు తూచేవాళ్లు అంకెలు అరుస్తున్నారు. గ్రేసమ్మ గారు ఆ పలకను తీసుకుని మాటల పట్టిక పక్కన గోడకు ఆనించి పెట్టారు. ఆ తూటా దగ్గర నూట ఇరవై మంది లేరు. ఇద్దరే. ఆ ఇద్దరూ భోజనానికి ఇంటికి పోయారు.

మీకు చెప్పదగ్గవి

పిల్లలూ, ఇప్పుడు మీకు సౌకర్యాలు చాలా ఉన్నాయి. ఉండనివ్వండి. కానీ తప్పు పట్టుకునే పని ఎవరికి ఇచ్చినా, అతను మిమ్మల్ని ఇష్టపడేవాడైతే జాగ్రత్త. మీ ముఖం చూసి మీ తప్పును తన ప్రతిలో పూడ్చేస్తాడు. తనిఖీ చేసే మనిషికి టీ మీరు ఇప్పించకండి.

చదివి వినిపించి "బాగుందా?" అని అడగకండి. మన వైపు మనుషులు మర్యాదస్తులు. బాగుందనే అంటారు. చేసి చూపించమనండి, లేదా విన్నది తిరిగి చెప్పమనండి. అర్థం కానిచోట వాళ్ల చేతులు ఆగిపోతాయి, లేకపోతే పెంచలయ్యలా ధైర్యంగా తప్పుదారిలో నడుస్తాయి. రెండూ మీకు పనికొచ్చేవే.

మీరు బాగా మురిసిపోయిన వాక్యం మీద మీరే నీలం గీత పెట్టుకోండి. నేను నాలుగుసార్లు చదువుకుని మురిసిన వాక్యమే మనిషిని చంపబోయింది. మురవకుండా రాసినవి ఎవరికీ ఏ హానీ చేయలేదు.

ఈ పనిలో పేరు రాదు. పుస్తకం మీద మీ పేరుండదు. కానీ ఎక్కడో ఒక రైలుపట్టా ముక్క మోగుతుంది. అది చాలా దూరం వినిపిస్తుంది.

తిరుగు రాత

ఇంతవరకూ రాసి, నా మాట నేనే పాటించాలి కదా అని, ఖాదర్ దగ్గరికి వెళ్లాను. అతనికిప్పుడు చూపు సరిగా లేదు. గూడూరులో కొడుకు ఇంటి వసారాలో మంచం మీద కూర్చున్నాడు. మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించాను. ఎట్లుంది అని అడగబోయి నాలుక కరుచుకుని, "భాయ్, ఇప్పుడు విన్నది తిరిగి చెప్పు" అన్నాను.

చెప్పాడు. అతను చెప్పినట్టే, ఏమీ దిద్దకుండా, ఇక్కడ పెడుతున్నాను.

"టీ అంగట్లో నేను నిన్ను అడిగినానని రాసినావు. నేను అడగలా. నేను గ్లాసెత్తకముందే 'భాయ్, చుట్ట అంటే అర్ధగంట, గుర్తు పెట్టుకో' అని నువ్వే అన్నావు. అది ఒకటి.

"జీపులో ఒప్పుకున్నానన్నావు. ఒప్పుకోలా. నువ్వు జీపు దిగి నేరుగా ఇంటికి పోయినావు. నేనే అమ్మగారి ముందర నిలబడి చెప్పినా. అర్ధగంటని నాకు నువ్వు చెప్పినావని కూడా చెప్పినా. ఆయమ్మ నన్ను ఉంచింది అందుకు. నిన్ను ఎందుకు ఉంచిందో నాకు ఇప్పటికీ తెలీదు.

"ఇంకొకటి. నన్ను పాపం అమాయకుడిలా రాసినావు, నీ మాట నమ్మి రాసినట్టు. నేను చుట్టల అంగట్లో పుట్టినోణ్ణి, సుబ్బరామయ్యా. చుట్టను ఎవురు ఎంతసేపు తాగుతారో నాకంటే బాగా ఎవురికి తెలుసు? తెలిసే రాసినా. నీ ముఖం చిన్నబోతాదని రాసినా. పెంచలయ్యను చంపబోయింది నువ్వొక్కడివే కాదు, ఇద్దరం. అట్లనే రాసుకో. ఈ తూరి నీ కోసం నేనేం పూడ్చను."